స్క్రీన్ మీద ఇరవై

“సార్, గీ స్క్రీన్ తప్పు సూపిస్తున్నది.”

డ్రైవరుగా చేరి ఇరవై రోజులైనా కాలేదు, తిరుపతి ఆ మాట అనేశాడు. స్టీరింగ్ వెనక చిన్న తెర మీద, లీటరుకు ఇరవై కిలోమీటర్లు అని వెలుగుతోంది. వెనక సీట్లో సీతారామయ్య గారు కళ్లజోడు సర్దుకున్నారు.

“తప్పా? అది మీటరయ్యా. తప్పులు, అబద్ధాలు మనుషులవి.”

ఆయన ఊరికే అనలేదు. ముప్పై నాలుగేళ్లు ప్రభుత్వ ప్రయోగశాలలో కొలత పరికరాలు సరిచూసిన మనిషి. రిటైరై నాచారంలో ఫ్లాట్ కొనుక్కున్నాక కూడా గోడ గడియారం, బీపీ మిషను, వంటింటి కాటా నెలకోసారి ఆయన ముందు పరీక్షకు నిలబడాల్సిందే. కారు స్క్రీన్ ఒక్కటే తప్పించుకుంది. కంప్యూటర్ లెక్కగట్టి చూపించేదాన్ని తను కొత్తగా చూసేదేముందని ఆయన ధీమా.

“ఒక్కసారి ట్యాంకు ఫుల్లు కొట్టిచ్చి సూద్దాం సార్. రేపు పెట్రోలు తక్కువొస్తే నన్నే దొంగంటరు.”

కింద పార్కింగులో డ్రైవర్లు ఈ సంగతి విని నవ్వారు. పక్క బ్లాకు కారు నడిపే మొగిలయ్యకైతే ఒళ్లు మండింది.

“నిన్నెవరన్న అడిగిన్రారా? మంచిగ క్యాబ్ నడుపుకునేటోనివి, అది ఇడిసిపెట్టి ఈడికొస్తివి. జర నోరు మూసుకొని ఉండరాదూ?”

“పెట్రోలు దొంగ అని పేరొస్తే ఉప్పల్ కాడికెంచి మల్కాజిగిరి దాకా ఎవ్వలు తాళంచెవి ఇయ్యరన్నా. గా పేరుతోని ఎట్ల బతుకుతం?”

మొగిలయ్య నవ్వలేదు. అది అక్కడున్న అందరికీ తెలిసిన భయమే.

తిరుపతి పోరు పడలేక సీతారామయ్య గారు ఒప్పుకున్నారు. ఉప్పల్ బంకులో ట్యాంకు నిండా పోయించి, వారం తిరిగి, మళ్లీ నింపించారు. తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగిస్తే పదిహేడొచ్చింది.

“నాజిల్ ప్రతిసారీ ఒకేచోట ఆగదయ్యా. తేడా అక్కడొచ్చింది.”

రెండో వారం అదే బంకు, అదే నాజిల్. మళ్లీ పదిహేడే.

“ఏసీ వాడాంగా.”

“ఏసీ ఏస్తే స్క్రీన్ల గూడ తగ్గాలె గద సార్?”

ఆ మాట ఆయనకు సూటిగా తగిలింది. పరికరాల గురించి ఆయనకు ఎదురు చెప్పినవాళ్లు ఇంతవరకూ లేరు. కారు దిగి, డోర్ పట్టుకుని నిలబడి అడిగారు.

“సరే, స్క్రీన్ తప్పు కాదనుకో. మిగతా పెట్రోలు ఎటుపోయినట్టు?”

తిరుపతి మొహం నల్లబడింది. తనను తాను కాపాడుకోవడానికి తెచ్చిన లెక్క తిరిగి తన మెడకే చుట్టుకుంది.

“నేను ముట్టలే సార్.”

“ముట్టలేదనడానికి రుజువేంటి?”

ఏముంటుంది రుజువు? అంత చదివినాయనతో వాదించడానికి తిరుపతి దగ్గర ఇంటర్ ఫెయిలైన మెమో తప్ప ఏమీ లేదు. తుడిచిన బానెట్‌నే మళ్లీ తుడిచాడు. ఏడుపొస్తోంది, ఏడిస్తే దొంగేడుపంటారని బిగబట్టాడు. పైనుంచి సీతారామయ్య గారి భార్య సుశీలమ్మ గారు చూసి, “పాపం, ఎందుకండీ అతన్ని అలా నిలదీస్తారు?” అన్నారు.

మర్నాడు పొద్దున్నే తిరుపతి తాళంచెవి ఆయన ముందు పెట్టాడు.

“ఇయ్యాల్టి సంది ఇది మీ కాడనే ఉంచుకోండ్రి. బండి తీసినంతసేపు మీరు గూడ కూసోండ్రి. పెట్రోలు మూత మీద కాయిదం అంటిచ్చి సంతకం పెట్టుండ్రి. ఆఖరుసారి సార్, మీ కాళ్లు మొక్కుత.”

ఆదివారం ఉదయం ఉప్పల్ బంకులో ట్యాంకు నింపించి, సీతారామయ్య గారు మూతకు కాగితం అంటించారు. ఘట్‌కేసర్ దాకా వెళ్లి, ఔటర్ రింగురోడ్డెక్కి, చుట్టి వచ్చారు. మొత్తం రెండొందల నాలుగు కిలోమీటర్లు. టీ కూడా కారు పక్కనే నిలబడి తాగారు. ఆయన చూపు స్క్రీన్ మీంచి కదల్లేదు. తెర మీద ఇరవై చెక్కుచెదరలేదు.

మళ్లీ అదే బంకు. కాగితం చిరగలేదు. ఆయనే చింపి, మూత తీశారు. స్క్రీన్ నిజమైతే పది లీటర్ల పైన రెండొందల మిల్లీలీటర్లు పట్టాలి. పది దాటింది. పదకొండు దాటింది. పన్నెండు దగ్గర నాజిల్ టక్కున ఆగింది.

సీతారామయ్య గారు బంకువాళ్ల ఐదు లీటర్ల కొలత క్యాను తెప్పించి పంపును కూడా సరిచూశారు. చుక్క తేడా లేదు. ఇక తప్పు మోపడానికి ఏమీ మిగల్లేదు.

ఆయన వెనక సీట్లో కూలబడ్డారు.

“తప్పు స్క్రీన్‌దే,” అన్నారు. “నీ మీద నాకింక అనుమానం లేదయ్యా. నీ ఉద్యోగానికేం ఢోకా లేదు.”

తిరుపతి మొహంలో సంతోషం కనపడలేదు.

“గదే కాయిదం మీద రాసియ్యుండ్రి సార్. తారీకేసి, సంతకం పెట్టి.”

“నమ్మానంటున్నాగా. నీకెందుకు కాగితం?”

“నాకు గాదు సార్.”

ఆయన రాశారు. కిలోమీటర్లు, లీటర్లు, స్క్రీన్ లీటరుకు మూడు ఎక్కువ చూపిస్తోందన్న మాట, కింద సంతకం. తిరుపతి రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకున్నాడు. రేపట్నుంచి పనికి రానన్నాడు.

“మరి ఎవరికయ్యా ఇది?”

“పోయినేడు గిదే స్క్రీన్ సూపిచ్చి మీరు పెట్రోలు దొంగని ఎల్లగొట్టిన ఉప్పలయ్య మా నాయన సార్, ఆయన ఫొటో ముంగట పెడ్త.”