మూలకే వంగే గాజు

గాజు ఊదడం నేర్పేటప్పుడు నేను మొదట చెప్పేది ఒకటే. ఇనప గొట్టం తిప్పుతూనే ఉండాలి. ఆపితే దాని కొసన ఉన్న మెత్తటి గాజు ముద్ద నేలకు జారిపోతుంది.

కుప్పంలో ఈ షెడ్డు పెట్టి మూడు నెలలైంది. నేర్చుకునేవాళ్లు నలుగురు. నలుగురి కూజాలూ వంకరే. అరిచి అరిచి నా గొంతు బొంగురుపోయింది. ఈ రాత్రి యమున కూజా కూడా మెడ వంచేసరికి ఓపిక చచ్చిపోయింది.

"నీకీ పని రాదమ్మా. రేపట్నించి రాబాక."

"నేను ఆపలేదు సార్, తిప్పతానే ఉండాను. అందరివీ ఆ మూలకే యాల వంగుతాయో మీరే సూడండి," అని యమున కళ్లు తుడుచుకుంటూ సంచీ సర్దుకుంది.

మూలలో ఏముంది? ఉత్త గోడ. తప్పు చేసి మూలను అంటుందా? చిర్రెత్తి నేనే గొట్టం అందుకుని, కొలిమిలోంచి గాజు తీసి తిప్పాను. ఇరవై ఏళ్ల చెయ్యి నాది. అయినా ముద్ద మెల్లగా మూలకే సాగింది.

కోపంతో తిప్పడం ఆపేశాను. గాజు జారలేదు. మూలను చూపిస్తూ గాలిలో అలాగే నిలిచింది. యమున అటు తిరిగి చెప్పులేసుకుంటోంది.

"బస్సుకు టైమైంది, పోతాండాను సార్," అని యమున చీకట్లోకి దిగింది.

అప్పుడు గాజు కదిలింది. మూలలోనిదేదో లేచి నడుస్తుంటే దాన్నే చూపిస్తున్నట్టు, దాని కొస గోడ వెంబడే తిరిగి, తలుపు దాటి వెళ్తున్న ఆమె వీపు వైపు సాగింది.

పిలవాలని నోరు తెరిచాను. మూడు నెలలు అరిచిన గొంతు పెగల్లేదు.