గుర్రం మీద వెనక కూర్చున్నావిడ

టైగ్ గుర్రం రేవుపట్నం కోటగుమ్మం ముందు ఆగేసరికి, అక్కడ వెన్న అమ్ముకుంటున్న ఫినోలా చేతిలోంచి వెన్న తీసే చెక్కగరిటె జారిపోయింది. గుర్రం మీద ఆమె మొగుడి వెనక ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. తలకు పెళ్లయినవాళ్లు చుట్టుకునే తెల్లని నారగుడ్డ, ఒళ్లంతా కప్పిన ఉన్ని దుప్పటి, ఆ దుప్పటిలోంచి వచ్చి టైగ్ నడుమును చుట్టుకున్న రెండు చేతులు.

"తోళ్లకని పోయి మీ ఆయన సరుకు బాగానే పట్టుకొచ్చాడు ఫినోలా," అంది పక్కన చేపలు సర్దుకుంటున్న మోరిన్. "ఒడ్డూ పొడుగూ ఉంది. దుక్కికి కూడా పనికొస్తుంది."

ఏ సరుకునైనా ఫినోలా ఒక్క చూపులో తూచగలదు. మొగుణ్ణీ తూచింది. నెలలో నాలుగుసార్లు కొండల వైపు వెళ్లాడు. అక్కడ ఐర్లండ్ దక్షిణాన ఉన్న ఈ మన్‌స్టర్ జనమంతా ఇంగ్లీషు రాణి మీద తిరగబడి కత్తులు నూరుకుంటున్నారు, తోళ్లు అమ్మే తీరిక ఎవరికీ లేదు. నాలుగుసార్లూ ఉత్త గుర్రంతోనే తిరిగొచ్చాడు. పోయిన వారం పసుపు రంగు చొక్కా కొత్తది కుట్టించుకున్నాడు. ఇంకేం, లెక్క తేలిపోయింది.

గుమ్మం దగ్గర ఇంగ్లీషు సైనికులు ఎవరిదో గడ్డిబండిలో ఈటెలు గుచ్చి వెతుకుతున్నారు. ఆ తర్వాత టైగ్ వంతు. ఫినోలా అంత సేపు ఆగలేకపోయింది.

"దిగవే," అంది గుర్రం పక్కకు వెళ్లి.

"ఇక్కడ కాదు ఫినోలా." టైగ్ సైనికుల వైపు ఓరగా చూశాడు. "ఇంటికెళ్లాక అన్నీ చెబుతాను."

"ఏ ఇంటికి? ఇద్దరం పడుకునే గడ్డిపరుపు మీద మూడోదానికి చోటెక్కడుంది?"

"అరవకు, నీకు దణ్ణం పెడతాను. అందరూ చూస్తున్నారు."

"చూడనీ! మీ వాళ్లూ మా వాళ్లూ చూస్తుండగానే కదా నా చెయ్యి పట్టుకున్నావు. ఫాదర్ లేడు, చర్చీ లేదు, నీ మాటొక్కటే చాలనుకున్నాను. దీనికేం మాట ఇచ్చావు?"

"అలా అడుగు!" అని మోరిన్ వెనకనుంచి ఎగదోసింది. చుట్టూ మూగినవాళ్లు నవ్వారు. భాష తెలియకపోయినా సైనికులూ నవ్వారు. పెళ్లాం పోట్లాట అర్థం కావడానికి భాషతో పనేముంది?

వెనక కూర్చున్న మనిషి తల ఎత్తలేదు, నోరు విప్పలేదు. ఫినోలాకు అది ఇంకా మండింది. దుప్పటి కొంగు పట్టి ఒక్క గుంజు గుంజింది. ఆ శాల్తీ వెన్న తొట్ల మధ్య బోర్లా పడింది. ఫినోలా దాని మీదికి వంగి తలగుడ్డలో వేళ్లు దూర్చింది. నలుగురిలో ఆ గుడ్డ ఊడదీస్తే ఇక ఆ ఆడది ఊళ్లో తలెత్తుకు తిరగలేదు. ఆమెకు కావలసింది సరిగ్గా అదే.

గుడ్డ జానెడు జరిగింది. కింద జడ లేదు. నడినెత్తిన ఫాదర్లకు మల్లే గుండ్రంగా గొరిగిన గుండు ఉంది. చెంపల మీద రెండు రోజుల గడ్డం ఉంది.

ఫినోలా గుంజడం ఆపేసింది. కొండల్లో వాళ్లచేత రాణి మీద యుద్ధానికి ప్రమాణాలు చేయించిన ఫాదర్ కోసం మూడు రోజులుగా ఇదే గుమ్మం దగ్గర దండోరా వేస్తున్నారు. ఆయనకు ఉరి. ఆయనకు దారి చూపినవాడికీ ఉరే. తాను ఇంకొక్క గుంజు గుంజి ఉంటే రెండు ప్రాణాలు పోయేవి. సైనికుడి నీడ చూస్తే వణికే తన మొగుడు, ఆయన్ని పట్టపగలు సొంత గుర్రం మీద ఎక్కించుకొచ్చాడు! ఇన్నాళ్లూ ఆ మనిషిని ఎంత తక్కువ తూచింది!

"ఏంటి? ఆడవాళ్లు కొట్లాట?" అని సార్జెంటు వచ్చీరాని ఐరిష్‌లో అడుగుతూ వచ్చాడు.

ఫినోలా చటుక్కున గుడ్డ కిందికి లాగి ఆ మనిషిని గుండెకు హత్తుకుంది.

"అయ్యో వదినా, నువ్వా! ఎలాంటిదానివి ఎలా అయిపోయావు! మా ఆడబడుచు దొరా. కొండల్లో విషజ్వరం. జుట్టంతా ఊడిపోయింది, మాట పడిపోయింది, అందుకే గుర్తుపట్టలేదు. ఇంట్లో ఆరుగురికి అంటుకుంటే ఈవిడొక్కతే మిగిలింది. రండి, దగ్గరికొచ్చి చూడండి."

సార్జెంటు ముక్కు మూసుకుని నాలుగు అడుగులు వెనక్కి వేశాడు.

"పో! తొందరగా పో!"

ముగ్గురూ గుమ్మం దాటి, రేవుకు దిగే ఇరుకు సందులోకి మళ్లారు. ఫినోలా మొగుడి చెయ్యి పట్టుకుంది.

"నాదే తప్పు. నీకింత గుండె ఉందని నాకేం తెలుసు? ఒక్క మాట ముందే చెబితే నీ సొమ్మేం పోయేదయ్యా?"

టైగ్ నేల చూపులు చూస్తూ నడుస్తున్నాడు.

"ఫాదర్, మీరూ నన్ను మన్నించాలి."

ఫాదర్ తలగుడ్డ సర్దుకుని మొదటిసారి నోరు విప్పాడు. "మన్నించడమా! ఏం నటించావు తల్లీ! ఈ పెళ్లికాని కుర్రాడికి నువ్వు నిజంగా పెళ్లానివేనని ఒక్క క్షణం నేనే నమ్మేశాను. ఓడెక్కించినందుకు ఇతను నన్ను అడిగింది తన పెళ్లి ఒక్కటే, అది ముందు జరిపించేస్తాను. ఇంతకీ, పెళ్లికూతురికి నువ్వేమవుతావు?"