గంజికి ఆధారం

ఏ మాట ఎవరిదో తేల్చే రెఫరెన్సుల యాప్ పెట్టుకోనిదే యూనివర్సిటీ థీసిస్ ముట్టుకోవడం లేదు. నేతపని మీద పరిశోధన చేస్తున్న నాగవల్లి ఫోను అరుగు మీద పెట్టి, మూడోరోజూ నీరసంగా అడిగింది.

"అమ్మా, పడుగుకి గంజి ఎప్పుడు పెట్టాలో మళ్లీ చెప్పు."

"ఎండెక్కకముందే. ఎన్నిసార్లు చెప్పించుకుంటావే?" అంది తల్లి అచ్చమ్మ.

ఫోను పలికింది. "ఈ మాట ఆచార్య చిదంబరశాస్త్రి గారిది. ఆయన పుస్తకంలో నలభై ఒకటో పేజీ."

"ఆ కళ్లజోడాయనా? ఇదే అరుగు మీద కూర్చుని, నన్నడిగే రాసుకున్నాడు గదే!"

"అచ్చయితేనే ఆధారమమ్మా," అంటూ నాగవల్లి ఫోనులో ఆయన పేరు మీద నొక్కేసింది.

"అచ్చమ్మగారూ, ఇకమీదట ఈ మాట అన్నప్పుడల్లా మీరూ ఆయన పేరు చెప్పాలి," అంది ఫోను.

వీధిలో చాపిన పడుగు మీదికి ఎండ పాకుతోంది. అచ్చమ్మ గంజిలో ముంచిన కుంచెను అలాగే పట్టుకుని నిలబడింది.

"పెట్టమంటాడేమో ఆయన్నడుగు."