ఆరు చోట్ల మౌనం

“ఈ గొంతు ఎవరిది?” అంటూ ఆఫీసరు కంప్యూటర్ ఆపాడు.

తలుపు పక్క బల్ల మీద కూర్చున్న తల్లి ఒళ్లోని చేతిసంచీని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. ఆ ఆఫీసులో పనిచేసే కూతురు మరిచిపోయిన గొడుగు ఇచ్చి పోదామని వచ్చిన మనిషి. లోపల కూతురికి అక్షింతలు పడుతున్నాయని విని అక్కడే చతికిలబడింది.

“సరిగ్గా వినండి,” అని ఆఫీసరు మళ్లీ నొక్కాడు.

“ఇదిగో తల్లీ, ముసుగేసుకుని పడుకో,” అంది స్పీకరులోని ఆడగొంతు. “నువ్వు తడిస్తే నీదేం పోదు, మా బుజ్జి ఉద్యోగానికి ఎసరొస్తుంది.”

తర్వాత ప్లాస్టిక్ కవరు గరగర. రబ్బరు బ్యాండు టప్పున పడిన చప్పుడు. ఆ తర్వాత తెల్లవార్లూ ఏమీ లేదు.

టైపిస్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “బుజ్జి అంటే మన మేడమేనా?”

కూతురి ముఖం కందగడ్డ అయింది.

గబ్బిలాల కూతలు మనిషి చెవికి అందవు. ఊళ్లో గబ్బిలాలెన్నో లెక్కగట్టడానికి ఆ కూతలను పట్టి దాచే పెట్టె ఒకటి ఉంటుంది. దాన్ని ఆరు చోట్ల, రోజుకో చోట, సాయంత్రం తగిలించి మర్నాడు పదింటికి తెచ్చుకోవడం కూతురి పని. ఈ వానాకాలం నాలుగు నెలలూ అందులో ఒక్క కూత పడలేదు. పెట్టె పాతబడిందని ఆమె మొత్తుకుంటే, ఆఫీసరు పైవాళ్ల కాళ్లావేళ్లా పడి కొత్త రకం తెప్పించాడు. పాతది గబ్బిలాలను తప్ప ఇంకెవరినీ వినేది కాదు. కొత్తది మనుషుల మాటలూ వింటుంది. ఆ సంగతి తల్లికి చెప్పినవాళ్లు లేరు. నిన్న సాయంత్రం దాన్ని మొదటిసారిగా ఆరో చోట, అంటే తల్లీకూతుళ్లుండే ఇంటి మేడ మీద పెట్టారు.

“ఆ గొంతు నాదే బాబూ,” అంటూ తల్లి లేచి నిలబడింది.

“అమ్మా, నువ్వు కూర్చో.”

“ఓహో, వానొచ్చినా వాకింగ్ మానని అమ్మగారు మీరేనా?” అంది టైపిస్టు. “పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అట కదా! మేడం ఎప్పుడూ మీ గురించే గొప్పగా చెబుతారు.”

తల్లి ఆ పొగడ్తను చేదుమందులా మింగింది.

“లోపలికి నీళ్లు పోతాయని కవరు కప్పాను బాబూ. పొద్దున్నే తీసేశాను. పాడైతే పిల్ల మెడకు చుట్టుకుంటుందని భయం.”

“అది వానలో ఉంచడానికి చేసిన పెట్టేనమ్మా! మీరు కవరు కప్పితే గబ్బిలం కూత లోపలికి పోదు. చెవిలో దూది కుక్కినట్టే.”

దూది అనే మాట వినగానే తల్లి తన చేతిసంచీ వైపు చూసుకుంది. అయిపోయింది, తన చేతులతో తనే చేసింది.

“సరే, మేడ సంగతి తేలింది,” ఆఫీసరు కూతురి వైపు తిరిగాడు. “మరి వంతెన కింద? మూతపడ్డ మిల్లు వెనక? కాలువ గట్టు, బస్సు డిపో, శ్మశానం గోడ? పాత పెట్టెకు ఏ రోగమూ లేదని రిపేరు వాళ్లు ఇవాళే రాసిచ్చారు. మరి నాలుగు నెలలూ అక్కడ కూతలెందుకు పడలేదు?”

“తెలీదు సార్.”

“నాకు తెలుసు. నువ్వెళ్లలేదు. పెట్టెను బీరువాలో పెట్టి పడుకున్నావు.”

“వెళ్లాను సార్! మోకాలిలోతు నీళ్లలో కూడా వెళ్లాను.”

“చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?”

“నేనొక్కదాన్నే వెళ్లేదాన్ని సార్.”

ఆఫీసరు తెల్లకాగితం ఆమె ముందుకు తోశాడు. “వెళ్లలేదని రాసి సంతకం పెట్టు. రాస్తే వేరే పని చూస్తాను. రాయనంటే ఈ సాయంత్రమే ఇంటికి పంపిస్తాను.” కాస్త ఆగి వెటకారంగా నవ్వాడు. “లేకపోతే ఆ ఐదు చోట్లకీ మీ అమ్మగారే నీ వెనకాల వచ్చి కప్పి వెళ్లారంటావా?”

టైపిస్టు కిసుక్కుమంది. ఫైళ్లు మోసే ముసలాయన కూడా నవ్వాడు.

కూతురు నవ్వలేదు. తల ఎత్తి, “మా అమ్మను ఇందులోకి లాగకండి సార్,” అంది. “నా పనిచోటికి వచ్చి పరువు తీయొద్దని ఉద్యోగంలో చేరిన రోజే చెప్పాను. చేతిలో చెయ్యేసి మాటిచ్చింది. అమ్మ మాటిస్తే తప్పదు.”

తల్లికి భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. చెవులు సిగ్గుతో కాలిపోతున్నాయి. కూతురు కలం అందుకుంది. మూత తీసింది. కాగితం మీద మొదటి అక్షరం పడుతోంది.

తల్లి ఆఫీసరు బల్ల దగ్గరికి నడిచి చేతిసంచీ బోర్లించింది. మడతపెట్టిన ప్లాస్టిక్ కవర్లు, గుప్పెడు రబ్బరు బ్యాండ్లు ఆ కాగితం మీద పడ్డాయి.

“వంతెన దగ్గర మాత్రం రెండేసి కప్పాను బాబూ,” అంది, కూతురి వైపు చూడలేక. “అక్కడ ఈదురుగాలి ఎక్కువ.”