రెండో దారి

అరబ్బు దేశంలో వాళ్లుంటున్న నగరంలో, ఖురం పేటలోని కాఫీ హోటల్ అద్దం వెనక కూర్చున్నది శ్రీవాణే. ఎదురుగా కోటు వేసుకున్న ఎవరో మగమనిషి. అతను చూపించిన చోటల్లా ఆమె సంతకాలు పెడుతోంది.

రోడ్డవతల కారులోంచి సంజీవ్ అదంతా చూస్తున్నాడు. భార్యకు ఫోన్ కలిపాడు.

"ఏడున్నవ్?"

"ల్యాబ్‌ల. నువ్వు?"

"ఆఫీసుల. మీటింగ్ ఉంది."

ఫోన్ పెట్టేశాడు. తొమ్మిదేళ్ల కాపురంలో ఆమె ఇంత తేలిగ్గా అబద్ధమాడగలదని అతనికి తెలియదు.

పీహెచ్‌డీ పూర్తిచేసి యూనివర్సిటీలో పాఠాలు చెప్పాలన్నది శ్రీవాణి కల. అలాంటిది కొన్నాళ్లుగా అతను గదిలోకి వస్తే చాలు, ల్యాప్‌టాప్ మూసేస్తోంది. మొన్న ఫోన్లో ఎవరినో "సూర్‌ల కిరాయి ఇండ్లు దొరుకుతయా?" అని అడుగుతుంటే చెవిన పడింది. అంత దూరాన ఉన్న సూర్ పట్నంలో ఆమెకేం పని? ఎవరి కోసం?

సాయంత్రం ఇంటికి రాగానే, టై విప్పుతూ అడిగేశాడు.

"ఖురంల ఆ కోటాయన ఎవడు?"

శ్రీవాణి ఉలిక్కిపడింది గానీ తల దించుకోలేదు.

"ఫుర్ఖాన్ సాబ్. సూర్‌ల సముద్రం నీళ్లను మంచినీళ్లు చేసే కంపెనీల మేనేజర్."

"ఆయనతోని నీకేం పని?"

"మా యూనివర్సిటీల కొత్త పద్ధతి వచ్చింది. పీహెచ్‌డీ చేసేటోళ్లందరు పాఠాలే చెప్పాల్నని లేదు. కంపెనీల ఉద్యోగం చేసుకుంట, ఆ పని మీదనే థీసిస్ రాయొచ్చు. రెండు నెలల సంది డీన్ సుట్టు తిరిగి, మొదటి పేరు నాదే రాయించిన."

"పాఠాలు చెప్పుడే నా పాణం అంటుంటివి గదా?"

"అంటుంటి."

ఆ గొంతులో జీర అతనికి వినపడకపోలేదు. అయినా అనుమానం చావలేదు.

"మరి నాకెందుకు దాచినవ్?"

"కాగితాలు చేతికొచ్చినంక చెప్దామనుకున్న."

"నేను సంపాయిస్తలేనా? నీకేం తక్కువ చేసిన్నని ఈ దొంగతనం?"

ఆమె ఫైలు తెచ్చి అతని ముందు పెట్టింది. పైన ఉన్నది ఫ్యామిలీ వీసా దరఖాస్తు. ఈ దేశంలో ఉద్యోగమున్నవాళ్ల పేరే రాయాల్సిన స్పాన్సర్ గడిలో శ్రీవాణి పేరు. కింద గడిలో అతని పేరు.

"ఇదేంది? నా వీసా నీ మీదికెందుకు?" సంజీవ్ గొంతు పెరిగింది.

శ్రీవాణి వచ్చి అతని పక్కన కూర్చుంది.

"నీ ఉద్యోగం పోయిన దినమే నాకు తెలిసింది."