మనసు పెట్టె

బడిపిల్లలు తమ బాధలు రాసి వెయ్యమని పెట్టిన పెట్టెను అధికారిణి వనజాక్షి తెరిచింది. నలభై చీటీల్లోనూ ఒకే మాట: "సంతోషంగా ఉన్నాను."

"చూసినారా మేడం! వారానికే బాధలన్నీ పోయినాయి." హెడ్మాస్టర్ జయరాం ఛాతీ పెట్టెకన్నా పెద్దదైంది.

వంట చేసే మారెక్క గరిటెతోనే వచ్చింది. ఆమె కొంగు పట్టుకుని మూడో తరగతి చైత్ర.

"యాడికీ పోలేదు సారూ. అమ్మానాయనా బెంగుళూరికి కూలికి పోయినప్పట్నుంచి పక్కలో ఉచ్చ పోసుకుంటాండానని ఈ పాప రాసింది. మొదటి దినమే పెట్టె తీసి దాన్ని ప్రార్థనలో అందరి ముందరా చదివి నవ్వించినావే, అది చెప్పు మేడంకి."

"పాపకి ధైర్యం రావాలనే చదివినా!"

వనజాక్షి ఫోన్లో రికార్డింగు పెట్టి, ప్రేమగా వంగింది. "నాతో చెప్పమ్మా, భయం లేదు."

చైత్ర ఫోను వైపు చూసింది.

"దీన్ని యాడ వినిపిస్తావు మేడం?"