కింది వాటా చప్పుడు

నేల కింద నుంచి నాలుగు దెబ్బలు వినిపించాయి. టక్, టక్, టక్, టక్.

ఆమె గిటారు తీగల మీంచి చెయ్యి తీసేసింది.

కాసేపు ఊరుకుని మళ్లీ చెయ్యి వేయబోయింది. మళ్లీ నాలుగు దెబ్బలు.

"వాయించినా కొడతాడు, ఆపినా కొడతాడు. ఏం మనిషో ఈ కిందాయన!" అని విసుక్కుంది.

ఆ బేస్ గిటారు అన్నయ్యది. ఆ గదీ అన్నయ్య అద్దెకున్నదే. దూరాన ఉన్న ఆమెకు అన్నయ్య పోయాడన్న కబురు అందేసరికి అంతా అయిపోయింది. సామాను తీసుకెళ్దామని వచ్చి ఇక్కడే ఉండిపోయింది.

పగలు కళ్లజోళ్ల దుకాణంలో ఆవగింజంత మరలు బిగిస్తుంది. సాయంత్రం గిటారు పట్టుకుంటుంది. లావు తీగలకు వేళ్లు బొబ్బలెక్కాయి.

గిటారుతో పాటు ఒక క్యాసెట్ దొరికింది. అన్నయ్య బృందం వాయించిన పాట. మొదట్లో టేపు తెగిపోయింది. పాట ఎలా మొదలవుతుందో తెలియదు. ఉన్నట్టుండి అన్నయ్య వేళ్లు వినిపిస్తాయి.

ఆ పాటను అన్నయ్యలా ఒక్కసారి వాయించాలి. ఆమె కోరిక అదొక్కటే.

"పాటని తరుముతున్నారక్కా. అదెక్కడికీ పారిపోదు," అన్నాడు గిటారు నేర్పే మాస్టారు.

"ఏం చెయ్యను? లయ నిలవట్లేదు."

"ఒక్కరే వాయిస్తే నిలవదు. బేస్‌కి తోడుండాలి. పక్కన ఎవరైనా దరువెయ్యాలి."

"నాకెవరున్నారు? కింద ఒకాయన ఉన్నాడు, కర్ర పుచ్చుకుని!"

మాస్టారు నవ్వాడు. ఆమె నవ్వలేదు.

ఆ సాయంత్రం మళ్లీ దెబ్బలు పడ్డాయి. ఆమె గబగబా మెట్లు దిగి కింది వాటా తలుపు తట్టింది. ఎంతసేపు తట్టినా పలకలేదు. తోసి చూస్తే తెరుచుకుంది.

గోడ పక్కన కుర్చీలో ముసలాయన. చేతిలో మూరెడు కర్ర, పక్కన గోడ మీద దాని దెబ్బల గుర్తులు.

"ఏమండీ, సాయంత్రం పూటేగా వాయించుకుంటున్నాను? అంత ఇబ్బందైతే నోటితో చెప్పొచ్చుగా?"

ఆయన ఆమె పెదాల వైపు చూశాడు. నవ్వాడు. కర్రతో పైకి చూపించి, కుర్చీ చేతి మీద మళ్లీ నాలుగు కొట్టాడు.

"వెక్కిరిస్తున్నారా?"

ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఆమె విసురుగా పైకొచ్చి, స్పీకరు పెట్టె కింద పరుపు మడత పెట్టి వేసింది. గిటారు మోత గదిలోనే ఉండిపోయింది.

కొన్నాళ్లు దెబ్బలు పడుతూనే ఉన్నాయి. తర్వాత ఆగిపోయాయి.

"దారికొచ్చాడు," అనుకుంది.

పాట మాత్రం దారికి రాలేదు. క్యాసెట్‌లో అన్నయ్య ఎక్కడో ముందు నడుస్తున్నట్టుండేది. ఆమె పరిగెత్తేది, అందుకోలేకపోయేది.

ఒక ఆదివారం కింది వాటా సామాను బండికెక్కుతోంది. ఒకావిడ పైకొచ్చింది.

"వాయించేది మీరేనా? నేను కిందాయన కూతుర్ని. నాన్న పోయారు."

"అయ్యో! నాకు తెలియదండీ."

"ఒక్క మాట అడుగుదామని వచ్చాను. వాయించడం ఎందుకు మానేశారు? నాన్న రోజూ గోడకి అరచెయ్యి ఆనించి కూర్చునేవారు. 'ఇవాళ కూడా రావట్లేదే' అనేవారు."

"మానలేదు. ఆయనకి ఇబ్బందని కింద పరుపు వేశాను."

"ఇబ్బందా? నాన్నకి చెవులు పూర్తిగా పోయాయండీ. మీ గిటారు మోత ఒక్కటే గోడలోంచి చేతికి తెలిసేది. 'పై వాటా వాడి చెల్లెలు నేర్చుకుంటోంది' అని ఎంత మురిసిపోయారో!"

ఆమె స్పీకరు పెట్టె కింది పరుపు వైపు చూసింది.

"మరి ఆ నాలుగు దెబ్బలు? ఆపమని కదా?"

కూతురు సంచిలోంచి కర్ర తీసి ఆమె చేతిలో పెట్టింది. కొన పూసలా గుండ్రంగా ఉంది. పక్కలు పెచ్చులూడి ఉన్నాయి.

బల్ల మీదున్న క్యాసెట్ మీద రాసిన పాట పేరు చదివి కూతురు అంది:

"ఆపమని కాదండీ, అందుకోమని. ఈ పాట మొదలయ్యేదీ ఆ నాలుగు దెబ్బలతోనే. ఇందులో మీ అన్నయ్య పక్కన డ్రమ్స్ వాయించింది నాన్నే."